యాడ్‌బ్లూ డైరీ – 7: తక్కువ తాగుతోందని మురిశాను, తాగలేకపోతోందట

మా డీజిల్ కారులో పీ20ఈఈ మళ్లీ వచ్చింది, పొగ సరిగ్గా శుద్ధి కావడం లేదని చెప్పే ఎర్రర్ కోడ్. శనివారం మధ్యాహ్నమంతా కారు కింద పడుకుని యాడ్‌బ్లూ (పొగని శుద్ధి చేయడానికి పైపులోకి కొట్టే యూరియా నీళ్లు) ఇంజెక్టర్‌ని కడిగిన పని 180 కిలోమీటర్లకే నీళ్లపాలైంది. "800 కి.మీ. తర్వాత స్టార్ట్ కాదు" అని డ్యాష్‌బోర్డు మీద లెక్క మళ్లీ మొదలు.

ఆరో ఎంట్రీ ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తోంది. లీటరు యాడ్‌బ్లూకి 610 కి.మీ. వచ్చేది ఈ మూడు నెలల్లో 930కి పెరిగిందని, బండి సెట్ అయిందని గొప్పగా రాసుకున్నాను. డీజిల్ అయితే మైలేజీ పెరిగిందని సంతోషపడొచ్చు. యాడ్‌బ్లూ ఎంత కొట్టాలో లెక్కగట్టేది కంప్యూటర్. అదే ఇంజిన్, అదే ఆఫీసు రూటు, అయినా వాడకం మూడో వంతు తగ్గిందంటే ఇంజెక్టర్ పూర్తిగా కొట్టడం లేదన్నమాట. అప్పుడే తట్టాల్సింది.

ఇంజెక్టర్ కడగకముందు, హైవే మీద వేడెక్కాక తీసిన రీడింగులు: ఎస్‌సీఆర్ (యాడ్‌బ్లూతో పొగని శుద్ధి చేసే క్యాటలిస్టు) ముందు నాక్స్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు) 480 పీపీఎం, వెనక 300. అంటే 37 శాతమే తగ్గుతోంది. నిరుడు ఇదే బండి 90 దాటి చూపించింది. వెనక సెన్సర్ అమ్మోనియాని (యాడ్‌బ్లూ వేడికి మారేది అదే) కూడా నాక్స్ అనుకుంటుంది కాబట్టి ఎక్కువ కొట్టడం వల్ల ఇలా చూపిస్తోందేమో అనుకున్నాను. కానీ వాడకమే తగ్గినప్పుడు అమ్మోనియా ఎక్కడి నుంచి వస్తుంది? ఆ అనుమానం అక్కడితో సరి.

తర్వాత ద్రవం మీద పడ్డాను. మామిడి తోటున్న మా బాబాయ్ దగ్గర బ్రిక్స్ మీటర్ (పండ్ల తీపి కొలిచేది) ఉంటే తెచ్చాను. "ఏందిరా, కారు మాగిందో లేదో చూస్తున్నవా?" అని ఒకటే నవ్వు. నవ్వినా పని మాత్రం భేషుగ్గా చేసింది. 32.5 శాతం యూరియా కలిసిన నీళ్లు ఆ చక్కెర స్కేలు మీద 31 దగ్గర ఆగుతాయి. కొత్త డబ్బా 31. ట్యాంకులోంచి తీసింది 30.5. రెండూ హద్దులోనే ఉన్నాయి. మార్చి నుంచి డిక్కీలో ఉన్న సగం డబ్బా మాత్రం 31.5 చూపించింది, మూత తీయగానే అమ్మోనియా గుప్పుమంది. 35 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచితే ఇది ఆరు నెలలే ఆగుతుంది, ఖమ్మం మే నెలలో డిక్కీ సంగతి చెప్పక్కర్లేదు. ఆ డబ్బా పారబోశాను. అయితే ఒకటి: ఈ మీటరు నీళ్లు కలిశాయా లేదా అన్నదే చెబుతుంది. బోరు నీళ్లలోని కాల్షియం ఓ చుక్క కలిసినా దీనికి కనబడదు, క్యాటలిస్టుకి మాత్రం తగులుతుంది.

(ఎరువుల యూరియా నీళ్లలో కలుపుకుంటే చవక కదా అని అడిగేవాళ్లకి: ఆ బస్తాలో ఉండేది వేపనూనె పూసిన యూరియా. అది పొలానికి. ఇంకోసారి అడగొద్దు.)

ఇక ఇంజెక్టర్ ఊడదీశాను. మొన మీద వేలి గోరంత మందాన తెల్లటి పెచ్చు. మూడు రంధ్రాల్లో ఒకటి దాదాపు మూసుకుపోయింది. మా మెకానిక్ స్కానర్ తెచ్చి గాజు కొలపాత్రలోకి టెస్టు కొట్టించాను: 75 మి.లీ. రావాల్సిన చోట 52. రెండు ధారలు బాగానే ఉన్నాయి, మూడోది పక్కకి తిరిగి గాజు మీద కారుతోంది.

గీకిన పెచ్చు 2.1 గ్రాములు. 60 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో నలభై నిమిషాలు నానబెట్టి, వడకట్టి ఆరబెడితే 1.3 గ్రాములు మిగిలింది. కరిగిపోయింది మామూలు యూరియా. మిగిలింది బలపంలా బూడిద రంగులో, వేళ్ల మధ్య నలిపినా పొడి కాకుండా ఉంది. వెనిగర్‌లో రాత్రంతా ఉంచినా చలించలేదు. నా ఊహ సయాన్యూరిక్ యాసిడ్. యూరియా సరిపడా వేడి తగలక, పూర్తిగా అమ్మోనియాగా విడిపోక, గోడకి అంటుకుని మెల్లగా ఉడికితే తయారయ్యేది ఇదే. గరిటెలో పెట్టి గ్యాస్ పొయ్యి మీద కాల్చి చూద్దామనిపించింది గానీ, కాలితే వచ్చే ఐసోసయానిక్ యాసిడ్ ఊపిరితిత్తులకి విషం. మానుకున్నాను.

ఇంజెక్టర్‌ని నాలుగుసార్లు వేడి నీళ్లలో ముంచి తీశాక 68 మి.లీ. వచ్చింది, మళ్లీ కొడితే 67. కొత్త గాస్కెట్ వేసి బిగించాను. నాక్స్ ముందు 470, వెనక 185. 61 శాతం! ఆ సాయంత్రం ఇంట్లోవాళ్లకి బజ్జీలు కూడా తెచ్చాను. తర్వాత సంగతి పైన చెప్పేశాను.

అసలు పెచ్చు ఎందుకు కట్టింది? ఆఫీసు మూడున్నర కిలోమీటర్లు. నా రీడింగుల్లో ఎస్‌సీఆర్ ముందు వేడి 200 డిగ్రీలు దాటాకే యాడ్‌బ్లూ కొట్టడం మొదలవుతోంది, సరిగ్గా ఆఫీసు గేటు దగ్గర. రెండు నిమిషాలు కొట్టగానే ఇంజిన్ ఆఫ్. తడి అక్కడే ఆరుతుంది. అది ఒక కారణం.

రెండోది నా సొంత తెలివి. బండి ఒక్కోసారి వారాల తరబడి కదలకుండా ఉంటోందని ఏడాది కింద బ్యాటరీకి కట్-ఆఫ్ స్విచ్ పెట్టుకున్నాను, తాళం తీయగానే అదీ కట్టేస్తాను. మొన్న బంకులో ఒక లారీ డ్రైవర్ చూసి, "అన్నా, అప్పుడే తియ్యకు, యూరియా పంపు ఇంకా గుంజుతుంది, రెండు నిమిషాలాగు" అన్నాడు. చెవిపెట్టి వింటే నిజమే, వెనక సన్నగా గుర్రుమని శబ్దం. ఇంజిన్ ఆపాక పైపులో మిగిలిన ద్రవాన్ని పంపు ట్యాంకులోకి లాగేసుకుంటుంది. ఏడాదిగా నేను దాన్ని మధ్యలో కోసేస్తున్నాను, ఆ ద్రవమంతా వేడి ఇంజెక్టర్‌లోనే ఎండుతోంది. ఈ ముక్క మాన్యువల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, చదివిన మొహం కాదు నాది.

అయినా కోడ్ ఎందుకు తిరిగొచ్చింది? ఫోనుకి తగిలించే 5.5 మి.మీ. కెమెరా లోపలికి పంపితే, యాడ్‌బ్లూని పొగలో కలిపే మిక్సర్ పళ్ల అవతల సున్నం కొట్టిన గోడలా ఉంది. అక్కడికి చెయ్యి పట్టదు. పైపు విప్పాలంటే బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి, విరిగితే ఖర్చు వేరే.

బ్రాండ్ల గురించి: ఇండియన్ ఆయిల్ క్లియర్‌బ్లూ వాడుతున్నాను, ఇబ్బంది లేదు. ఏ బ్రాండైనా ఐఎస్‌ఓ 22241 ముద్ర, తయారీ తేదీ చూడండి. ఎండలో పేర్చిన 20 లీటర్ల బకెట్లు కొనకండి. "క్రిస్టల్ క్లీనర్" అని అమ్మే సీసాలు ట్యాంకులో పోయడం మీద నాకు నమ్మకం లేదు. గడ్డ ఉన్నది పొగ వెళ్లే దారిలో, ట్యాంకులో కాదు.

వచ్చే ఆదివారం ఖమ్మం నుంచి సూర్యాపేట, అక్కడి నుంచి 65వ నంబర్ హైవే మీద విజయవాడ, గేరు ఒకటి తగ్గించి వేడి నిలబెడుతూ. ముందుగా మెకానిక్ స్కానర్‌తో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) రీజెన్, అంటే పట్టిన మసిని కాల్చేయడం, చేయిస్తాడు. మా బండిలో ఇంజెక్టర్ డీపీఎఫ్ తర్వాతే ఉంది కాబట్టి 600 డిగ్రీల దాకా పోయే ఆ వేడి నేరుగా ఆ గోడకే తగులుతుంది. సయాన్యూరిక్ 320 దాటాక విడిపోవాలి. కెమెరాతో ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో. నాక్స్ తగ్గుదల 75 శాతం దాటకపోతే వెనక సెన్సర్ మార్చి చూస్తాను. దాని ధర విన్నాక ఇంట్లో ఇంకా చెప్పలేదు.

కట్-ఆఫ్ స్విచ్ పక్కన "రెండు నిమిషాలు" అని స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను.