బొమ్మ ఉంది, పేరేంది?

అక్క కూతురు హన్మకొండలో డిగ్రీ చదువుతోంది. ఏనుమాముల మార్కెట్‌కి వచ్చే పత్తి, మిర్చి మీద ప్రాజెక్టు. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. "చిన్నమ్మా, ఇట్లాంటిదే గీయాలి, దీని పేరేంది? పేరు తెలిస్తే కదా వెతికేది!"

ఎడమ పక్క ఒక లావు పట్టీ, కుడికి పోతూ పోతూ చీలిపోయింది, ఎస్సారెస్పీ కాలువ పిల్ల కాలువలైనట్టు. ఆకారం సంగతి వదిలెయ్, ఆ వెడల్పు ఏం చెబుతోంది అనడిగాను. "ఎంత సరుకు ఎటు పోయిందో" అంది. అయితే అది సాంకీ డయాగ్రం. 1898లో సాంకీ అనే ఇంజనీరు ఆవిరి యంత్రంలో శక్తి ఎక్కడెక్కడ పోతోందో ఇలా గీశాడు. అంతకుముందే, 1869లో, ఫ్రాన్స్‌కు చెందిన మినార్ రష్యా దండయాత్రలో నెపోలియన్ సైన్యం కరిగిపోయిన తీరును పట్టీ సన్నబడటంతోనే చూపించాడు. నాకైతే దాన్ని మించిన బొమ్మ లేదు.

ఇక ప్రశ్నల వర్షం. బార్ చార్టుకీ హిస్టోగ్రాంకీ తేడా ఏంటి? కింద పంటల పేర్లుంటే బార్, కడ్డీల మధ్య సందు ఉంటుంది. క్వింటాలు ధరను 500 రూపాయల చొప్పున విడగొట్టి, ఒక్కోదాంట్లో ఎన్ని లాట్లు పడ్డాయో చూపిస్తే హిస్టోగ్రాం, సందు ఉండదు. డబ్బాకి రెండు వైపులా మీసాలుంటే బాక్స్ ప్లాట్. జిల్లాల మ్యాపులో లెక్కను బట్టి రంగు చిక్కబడితే కోరోప్లెత్ (నోరు తిరగదు, అది వేరే సంగతి).

గుండ్రాన్ని ముక్కలుగా కోసి చూపించే పై (pie) చార్టు మాత్రం వద్దన్నాను. తేజ, వండర్ హాట్, చపాటా అంటూ మిర్చి రకాలన్నీ అందులో ఇరికిస్తే ఏ ముక్క పెద్దదో కంటికి ఆనదు. బార్ చార్టుకే ఒప్పుకుంది, కానీ చపాటాకి ఎర్ర రంగే వేస్తుందట. వేసుకోమన్నాను.