లామ్‌చరిలో శుక్రవారం

ఢాకాలో దిగిన తొలి పూటే నన్ను హిందువుని చేసేశారు.

హోటల్ పక్క సందులో భోజనానికి కూర్చుని "ఏక్టు జొల్ దిన్" అన్నాను, కాసిని నీళ్ళివ్వమని. బల్ల తుడుస్తున్న కుర్రాడు తలెత్తి చూశాడు. గ్లాసు పెడుతూ, పక్కవాళ్ళకి వినపడకుండా, "దాదా, ఇక్కడ బీఫ్ వండుతాం. రోడ్డు దాటితే హిందూ హోటల్ ఉంది, అక్కడికి వెళ్ళండి" అన్నాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నేను నీళ్ళడిగాను, అంతే.

ఖరగ్‌పూర్ రైల్వేలో పదకొండేళ్ళు పనిచేశాను కాబట్టి నాకు బెంగాలీ బాగానే వచ్చు. కానీ నాకు వచ్చింది హిందువుల బెంగాలీ అని అక్కడికి వెళ్ళేదాకా తెలియలేదు. నీళ్ళని హిందువులు జొల్ అంటారు, ముస్లింలు పానీ అంటారు. స్నానానికి ముస్లింలు గోసల్ అంటారు. తనకన్నా పెద్దవాణ్ణి పిలవాలంటే ముస్లిం అయితే భాయ్, హిందువైతే దాదా. నోరు తెరిస్తే చాలు, మతం బయటపడిపోతుంది. మా కృష్ణా జిల్లాలో దూదేకుల వాళ్ళింటికి వెళ్ళినా నీళ్ళు నీళ్ళే. మా పక్కింటి మస్తానమ్మ పిన్ని నా చిన్నప్పుడు ఎన్ని చెంబుల నీళ్ళు పోసిందో, ఒక్కసారి కూడా ఆ నీళ్ళకి మతం ఉంటుందని నాకు తట్టలేదు.

తొమ్మిది రోజులూ అదే వరస. రిక్షా అతను అడక్కుండానే ఢాకేశ్వరి గుడి చూపిస్తానన్నాడు. హోటల్ మేనేజర్ వెజిటేరియన్ ఎక్కడ దొరుకుతుందో కాగితం మీద రాసిచ్చాడు. ఒక్కరు కూడా మాట తూలలేదు, అందరూ నన్ను బాగా చూసుకున్నారు. అయినా నాకు చిరాకు. నన్ను బళ్ళో వేసేటప్పుడు మా నాన్న కులం, మతం గళ్ళలో అడ్డగీతలు గీశారు. ఒప్పుకోని హెడ్మాస్టరుతో అరగంట వాదించారు. ఆ గీతని నిలబెట్టుకోవడానికి నేను ఉద్యోగంలో, పెళ్ళిలో, పిల్లల సర్టిఫికెట్లలో ఎన్ని చోట్ల గొడవపడ్డానో నాకే తెలుసు. ఢాకాలో ఒక గ్లాసు నీళ్ళతో అదంతా కొట్టుకుపోయింది.

మేం విజయవాడ పటమటలో ఉండేవాళ్ళం. గోరా గారి నాస్తిక కేంద్రం మీదుగా బడికి వెళ్ళేవాణ్ణి. నేను కూడబలుక్కుని చదివిన తొలి మాటల్లో 'నాస్తిక' ఒకటి. పదేళ్ళప్పుడు అక్కడి వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపిస్తుంటే, మా నాన్న చెయ్యి పట్టుకుని నేనూ నడిచాను. ఇంటికొచ్చి అరికాళ్ళు తిప్పి చూసుకుంటే బూడిద తప్ప ఏమీ లేదు. మా అమ్మ మాత్రం రాత్రంతా ఊరుకోకుండా వెన్న రాసింది.

బెంగాలీలోనూ మాట అదే: నాస్తిక్. అదే అక్షరాలు, అదే అర్థం. కానీ అక్కడ ఆ మాటకి ఇంకో అర్థం కూడా వచ్చి చేరింది. 2013లో రాజీబ్ హైదర్ అనే బ్లాగర్‌ని అతని ఇంటి దగ్గరే నరికేశారు. కొద్దివారాలకే 84 మంది పేర్లతో ఒక జాబితా ప్రభుత్వానికి అందింది, నాస్తిక బ్లాగర్లని శిక్షించమని. 2015 ఫిబ్రవరి 26 రాత్రి ఢాకాలో ఏటా జరిగే ఏకుశే పుస్తకాల సంత నుంచి బయటికి వస్తున్న నాస్తిక రచయిత అభిజిత్ రాయ్‌ని ఢాకా యూనివర్సిటీ టీచర్-స్టూడెంట్ సెంటర్ (టీఎస్‌సీ) దగ్గర, జనం మధ్యలో చంపారు. అడ్డం వచ్చిన ఆయన భార్య బొన్యా బొటనవేలు తెగిపోయింది. ఆ ఏడాదే ఇంకో ముగ్గురు బ్లాగర్లు, ఒక ప్రచురణకర్త. నేను వెళ్ళింది 2023 ఫిబ్రవరిలో, అదే సంతకి. సంత బ్రహ్మాండంగా ఉంది, ఆడపిల్లలు తలకి పూల కిరీటాలు పెట్టుకుని పుస్తకాలు కొంటున్నారు. టీఎస్‌సీ దగ్గర ఫుచ్కా (పానీపూరీ) బండ్లు. నేను ఫుట్‌పాత్ మీద కాసేపు నిలబడ్డాను. అక్కడ ఎందుకు నిలబడ్డానని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. నా జీవితంలో నాస్తికుణ్ణని చెప్పడానికి భయపడిన మొదటి రోజు అదే.

అసలు నేను వెళ్ళింది ఢాకా కోసం కాదు, బరిశాల్ దగ్గర లామ్‌చరి కోసం. మా నాన్న 2021లో పోయారు. ఆయన కోరినట్టే శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చాం. పదకొండో రోజు పెట్టలేదని మేనత్తలు ఇప్పటికీ మాట్లాడరు. నాన్నకి ఎప్పుడో ఆరజ్ అలీ మాతుబ్బర్ గురించి చెప్పాను, ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ మిత్రుడి దగ్గర విని. 1900లో లామ్‌చరిలో పుట్టిన పేద రైతు. బడి చదువు దాదాపు లేదు. భూములు కొలవడం సొంతంగా నేర్చుకుని అమీన్ అయ్యాడు. 1932లో తల్లి చనిపోతే, గుర్తుగా ఉంటుందని పట్నం నుంచి మనిషిని పిలిచి ఆమె ఫొటో తీయించాడు. ఫొటో తీశారని మౌల్వీలు జనాజా నమాజు, అంటే అంత్యక్రియల ప్రార్థన, చదవబోమన్నారు. రోజుకి అయిదుసార్లు నమాజు చేసిన తల్లిని కొడుకు తప్పుకి శిక్షించడమేంటని అక్కణ్ణించి మొదలైంది ఆయన ప్రశ్నల దండకం. ఆత్మ గురించి, దేవుడి గురించి, పరలోకం గురించి ఒక్కొక్క ప్రశ్నే రాసుకుంటూ పోయాడు. పాకిస్తాన్ హయాంలో అచ్చు వేయనివ్వలేదు. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1973లో పుస్తకం వచ్చింది. 1985లో పోయేముందు శరీరాన్ని బరిశాల్ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. ఇదంతా విని మా నాన్న "ఆ ఊరు ఒకసారి చూడాలిరా" అన్నారు. ఆయనకి కుదరలేదు.

ఫిబ్రవరి 23, గురువారం రాత్రి ఢాకా రేవు సదర్‌ఘాట్‌లో లాంచీ ఎక్కాను. పద్మా బ్రిడ్జి వచ్చాక బరిశాల్‌కి బస్సులో నాలుగు గంటలే, లాంచీలకి జనం తగ్గారని అందరూ చెప్పారు. జనం తగ్గితే రేటు తగ్గాలిగా! సింగిల్ కేబిన్‌కి పద్నాలుగు వందల టాకాలు అడిగారు. మంచం, ఫ్యాను, బొద్దింకలు. వెనక్కి వచ్చేటప్పుడు సరిహద్దులో ట్రావెల్ ట్యాక్స్, అప్పట్లో అయిదు వందలు, ఎలాగూ కట్టాలి, అందుకని డెక్ టికెట్టే కొన్నాను. బురిగంగ నీళ్ళు తారులా నల్లగా ఉన్నాయి, వాసన ముక్కు బద్దలుకొట్టింది. నాలుగంతస్తుల లాంచీ. దీని ముందు మన పాపికొండల లాంచీలు పిల్లల బొమ్మలు. డెక్ మీద దుప్పట్లు పరుచుకుని, కుటుంబాలు కుటుంబాలు, కోడిగుడ్లు, మరమరాలు, ఏడ్చే పిల్లలు. దుప్పటి లేని నన్ను చూసి ఒక ముసలామె తన బొంతలో సగం నావైపు జరిపింది.

పదిన్నరకి ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే పక్కనున్న కుర్రాడు "ఏ భాష?" అన్నాడు. తెలుగు అనగానే అల్లు అర్జున్ పేరు చెప్పి నవ్వాడు. పాతికేళ్ళుంటాయి. ఢాకాలో ఉద్యోగం, శుక్ర శనివారాలు సెలవు కాబట్టి అమ్మ దగ్గరికి వెళ్తున్నాడు. "బరిశాల్‌లో ఎక్కడికి దాదా?"

"లామ్‌చరి."

నవ్వు ఆగిపోయింది. చుట్టూ చూశాడు. ముసలామె నిద్రపోతోంది. "రండి, పైన గాలి బాగుంటుంది" అని లేచాడు.

పై అంతస్తులో, ఇంజను పొగగొట్టం వెనకాల, ఎవరూ లేని చోట రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. అప్పుడడిగాడు, గొంతు తగ్గించి: "ఆరజ్ అలీ కోసమా?" అవునన్నాను. "మీరు..." అని ఆగాడు. "నాస్తికుణ్ణి" అన్నాను, ఆ దేశంలో మొదటిసారి. అతను వెంటనే ఏమీ అనలేదు. కొంచెంసేపటికి "నేనూ, భాయ్" అన్నాడు.

దాదా పోయి భాయ్ వచ్చింది. ఆ రాత్రంతా భాయ్ అనే పిలిచాడు.

పేరు రాయొద్దన్నాడు. అతని వివరాలు కొన్ని మార్చాను కూడా. "2015 ఆగస్టులో బ్లాగర్ నిలయ్‌ని సొంత ఇంట్లో చంపారు. హద్దు దాటొద్దని పోలీసు పెద్దే బ్లాగర్లకి చెప్పాడు. ఆ వారమే నా దగ్గరున్న పుస్తకాలు రెండు సంచుల్లో కట్టి రాత్రిపూట నదిలో వదిలేశాను. పందొమ్మిది పుస్తకాలు. ఏవేవో ఇప్పటికీ వరసగా చెప్పగలను." రంజాన్ సంగతి అడిగాను. ముప్పై రోజులూ ఉపవాసం ఉంటాడట. "గదిలో ఒక్కణ్ణే ఉన్నా నీళ్ళు తాగను. ఒకసారి అలవాటు తప్పితే ఎక్కడో ఒకచోట దొరికిపోతాను భాయ్."

మా దగ్గర కూడా ఇలా చంపడం ఉంది అన్నాను. మూఢనమ్మకాల మీద పోరాడిన దభోల్కర్‌ని పుణెలో కాల్చి చంపిన సంగతి అతనికి తెలుసు. 2017లో కోయంబత్తూరులో ఫారూక్ అనే నాస్తికుణ్ణి, ముస్లిం కుటుంబంలో పుట్టినవాణ్ణి, నరికేశారని చెప్తే తెలియదన్నాడు. ఆ పేరు రెండుసార్లు పలికించుకున్నాడు. తర్వాత నా చిరాకు గురించి చెప్పాను, జొల్ గురించి, దాదా గురించి. అతను కోపం తెచ్చుకోలేదు. నిదానంగా అన్నాడు: "మీరు ఏమీ నమ్మనన్నా ఇక్కడ మిమ్మల్ని హిందువనే అంటారు. మీకు కూర్చోడానికి ఒక పీట ఉంది. నేను నమ్మనంటే ముర్తద్ అంటారు, మతం వదిలినవాడని. అమ్మకి తెలిస్తే ఏమవుతుంది? పెళ్ళి మతం ప్రకారం, ఆస్తి మతం ప్రకారం, చచ్చిపోతే జనాజా మతం ప్రకారం. నేను నిలబడటానికి జాగా ఏది?"

అక్కడ హిందువుగా బతకడం సుఖమని నేననడం లేదు. 2021 దుర్గాపూజలప్పుడు కుమిల్లాలో మొదలై ఎన్ని ఊళ్ళలో మండపాలు, ఇళ్ళు తగలబడ్డాయో అందరికీ తెలుసు. అతనూ అదే చెప్పాడు. అయినా నా విషయంలో అతను అన్నది నిజం. నేను విసుక్కున్న దాదా అనే మాటే తొమ్మిది రోజులు నన్ను కాపాడింది. అలాంటి మాట ఒక్కటి కూడా అతనికి లేదు. ఆ సిగ్గుతో చాలాసేపు నేను నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాను. మేఘనా నది ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియని వెడల్పు. ఎదురొచ్చే లాంచీ సెర్చ్‌లైటు ఒక్కటే అప్పుడప్పుడూ మా మొహాల మీద పడేది. పడినప్పుడల్లా అతను మాట ఆపేసేవాడు.

తెల్లారకముందే బరిశాల్. అతను ఇంటికెళ్ళి అమ్మకి మొహం చూపించి, పదింటికల్లా బ్యాటరీ ఆటోతో వచ్చేశాడు. అమ్మ చేతి పిఠాలు పొట్లం కట్టి తెచ్చాడు, బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి. మన కుడుముల రుచే. కీర్తన్‌ఖోలా ఒడ్డున మంచు విడుతోంది. లామ్‌చరి మామూలు పల్లె: వక్క చెట్లు, చెరువులు, రేకుల ఇళ్ళు. ఆరజ్ అలీ కట్టించిన చిన్న లైబ్రరీ శుక్రవారం కాబట్టి మూసి ఉంది. బయట నిలబడి మా నాన్న ఫొటో జేబులోంచి తీసి, కాసేపు చేతిలో పట్టుకుని మళ్ళీ పెట్టేశాను.

అక్కడికి దగ్గర్లోనే టీ కొట్టు. మన బడ్డీ కొట్టు లాంటిదే, వేలాడే అరటిగెల, షాంపూ ప్యాకెట్ల దండలు, గాజుసీసాల్లో బిస్కెట్లు. యజమానికి అరవై దాటి ఉంటాయి, గోరింటాకు పెట్టిన గడ్డం. ఎందుకొచ్చామో చెప్పకుండానే కనిపెట్టాడు. "అమీన్ సాహెబ్ కోసమా? మా నాన్న పొలం కొలిచింది ఆయనే. ఒక్క అంగుళం తేడా రాలేదు. ఆయన రాసినవి నేను చదవలేదు, చదవను కూడా. కానీ ఆయన కొలిచాక సరిహద్దు గొడవ అంటూ లేదు." అని స్టవ్ మీద కెటిల్ సర్దాడు. ఆ మాటకి నా గొంతులో ఏదో అడ్డుపడింది. నేనూ అలాంటివాణ్ణేనని చెప్పెయ్యాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కుర్రాడు నా మోకాలి మీద చెయ్యి వేశాడు, మెల్లగా. మానేశాను.

అజాన్ అయింది. బెంచీ మీదున్న నలుగురూ లేచారు. యజమాని స్టవ్ తగ్గించి చేతులు తుడుచుకుంటూ, "దాదా, మీరు ఎలాగూ రారు. కొట్టు కాస్త చూస్తుండండి" అన్నాడు. గల్లాపెట్టెకి తాళం కూడా వెయ్యలేదు.

కుర్రాడు జేబులోంచి తెల్లటి టోపీ తీశాడు. నాలుగు మడతలు విప్పి, అరచేతి మీద సాపు చేసి తలకి పెట్టుకున్నాడు. నావైపు చూడలేదు. యజమాని పక్కన నడుచుకుంటూ, ఆయన చెప్పేదానికి తలూపుతూ చెరువుగట్టు మీదుగా మసీదు వైపు వెళ్ళిపోయాడు.

ఊరంతా ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. కెటిల్ మూత చిన్నగా కదులుతోంది. మైకులో ఖుత్బా, శుక్రవారం నమాజు ముందు ప్రసంగం. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె వచ్చి బిస్కెట్ ప్యాకెట్ అడిగింది. ధర నాకు తెలియదంటే, తనే అయిదు టాకాల నోటు గల్లాపెట్టెలో వేసి, ప్యాకెట్ తీసుకుని, మూత జాగ్రత్తగా వేసి వెళ్ళింది. నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను. మేమిద్దరం నమ్మేది ఒకటే. నేనిక్కడ నీడలో, అతను అక్కడ వరసలో భుజం భుజం కలిపి వంగుతూ, లేస్తూ. ఎంతసేపైందో చూద్దామని వాచీ చూసుకున్నాను. ఇరవై నిమిషాలే.

మనుషులు తిరిగి రావడం మొదలైంది. యజమాని గల్లాపెట్టె వైపు చూడనైనా చూడకుండా స్టవ్ పెద్దది చేశాడు. కుర్రాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నుదుటి మీద చాప అచ్చు సన్నగా కనిపిస్తోంది. టోపీ తీసి, మళ్ళీ అవే నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అందరికీ వినపడేలా, "ఇంకో టీ తాగుదామా, దాదా?" అన్నాడు.