బ్లౌజ్ డిజైన్లు దాచుకోవడానికి పింటరెస్ట్: నేను బోర్డులు పెట్టుకునే పద్ధతి

రాజమండ్రిలో మా ఇంటి కింది భాగంలోనే మా బొటిక్. మగ్గం వర్క్ (బట్టని చట్రానికి బిగించి సూదితో చేసే ఎంబ్రాయిడరీ), బ్లౌజ్ కుట్టడం రెండూ చేస్తాం. ఈ పనిలో ఉన్న ఎవరి ఫోన్ తీసి చూసినా గ్యాలరీ ఒకేలా ఉంటుంది. పాట్ నెక్కులు, బోట్ నెక్కులు, ఎల్బో చేతులు, జర్దోసీ నెమళ్ళు, కుందన్ పువ్వులు... కస్టమర్లు వాట్సాప్‌లో పంపినవి కొన్ని, మనం ఎక్కడో చూసి స్క్రీన్‌షాట్ తీసుకున్నవి కొన్ని. వాటి మధ్యలోనే కరెంటు బిల్లు, పిల్లల మార్కుల షీటు. "మొన్న చూపించారు కదక్కా, రెండు నెమళ్ళు ఎదురెదురుగా ఉన్నది, అది తీయండి" అని కస్టమర్ అడిగితే, ఆవిడని కూర్చోబెట్టి ఫోన్ జరుపుతూ పోవడమే.

ఈ తిప్పలు పోవడానికి నేను పింటరెస్ట్ వాడుతున్నాను, బొమ్మలు వెతికి దాచుకునే యాప్ అది. తోటి బొటిక్ వాళ్ళు చాలామంది "పింటరెస్ట్ ఎలా మొదలుపెట్టాలి, నువ్వు ఎలా వాడుతున్నావు" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పడం కంటే ఒకేసారి రాస్తే మేలనిపించింది. పెళ్ళి వంటలకైనా, ఇల్లు కట్టుకునేవాళ్ళకైనా, ముగ్గులకైనా పద్ధతి ఇదే. నాకు తెలిసిన పని బ్లౌజులు కాబట్టి వాటితోనే చెబుతాను.

అకౌంట్ తెరవడం పెద్ద పని కాదు. యాప్ వేసుకుని, మెయిల్ ఐడీ ఇస్తే చాలు. మొదట్లోనే మీకు ఏమేం ఇష్టమో ఎంచుకోమని కొన్ని బొమ్మలు చూపిస్తుంది. అక్కడ తొందరపడి కనిపించినవన్నీ నొక్కకండి. గోళ్ళ డిజైన్లు, కేకులు, టాటూలు నొక్కితే తర్వాత రోజూ అవే వస్తాయి. మీ పనికి సంబంధించినవే నొక్కండి. నచ్చిన బొమ్మ దగ్గర సేవ్ నొక్కితే ఏ బోర్డులో పెట్టాలని అడుగుతుంది, బోర్డు అంటే బొమ్మలు పెట్టుకునే ఫోల్డర్ లాంటిది. అలా పెట్టిన బొమ్మని పిన్ అంటారు. బోర్డు పేరు తెలుగులో రాసుకోవచ్చు, నావన్నీ తెలుగులోనే ఉంటాయి.

అసలు విషయం ఆ బోర్డు పేరు దగ్గరే ఉంది. చాలామంది "బ్లౌజ్ డిజైన్స్" అని ఒక బోర్డు పెట్టి, అందులో నచ్చినవన్నీ పడేస్తారు. కొన్నాళ్ళకి అందులో వందల బొమ్మలు చేరతాయి. మళ్ళీ ఫోన్ గ్యాలరీ లాగే తయారవుతుంది, చోటు మారిందంతే. నేను నచ్చినవాటికి బోర్డు పెట్టను, తేల్చుకోవాల్సిన పనికి పెడతాను. "ఉప్పాడ ఆకుపచ్చ చీర, సీమంతం" అన్నది ఒక బోర్డు. "పది వేల లోపు పెళ్ళి బ్లౌజులు" అన్నది ఒక బోర్డు. "లావు చేతులకి నప్పేవి" ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. బోర్డు పేరు చూడగానే దేనికోసం పెట్టానో తెలిసిపోవాలి. బట్ట కత్తిరించే ముందు కొలత తీసుకున్నట్టే, బొమ్మలు పోగుచేసే ముందు అవి ఏ పనికో అనుకోవాలి.

పింటరెస్ట్ 2010లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన బెన్ సిల్బర్‌మన్‌కి చిన్నప్పుడు పురుగుల్ని పట్టి, వాటిని పిన్నులతో గుచ్చి దాచుకునే అలవాటు ఉండేదట. పురుగుల్ని సేకరించేవాళ్ళు ప్రతి పురుగు కిందా చిన్న చీటీ పెడతారు, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అని. పింటరెస్ట్‌లో కూడా ఆ చీటీ రాసుకునే వీలుంది, వాడేవాళ్ళు మాత్రం తక్కువ. సేవ్ చేసిన పిన్ తెరిచి, ఎడిట్‌లోకి వెళితే మనకోసం మనం నోట్ రాసుకోవచ్చు. పని మొత్తం అక్కడే ఉంది.

నా పిన్నుల్లో ఒకదాని కింద ఉన్న నోట్ ఇది: "చేతి అంచు మాత్రమే. నెక్ వద్దు. కట్ దానా బదులు చిన్న ముత్యాలు. తీగ మలుపు బాగుంది, పువ్వు పెద్దది, సగం చేయాలి." ఇంత రాస్తే ఆరు నెలల తర్వాత తెరిచినా ఆ బొమ్మ ఎందుకు తీసుకున్నానో తెలుస్తుంది. రాయకపోతే ఒక అందమైన బ్లౌజ్ కనిపిస్తుంది, అంతే. అందులో నాకు నచ్చింది నెక్కా, రంగా, చేతికి వేసిన టాసెల్సా అన్నది గుర్తుండదు. ఏ బొమ్మకైనా ఒక్క లైన్ నోట్ రాయలేకపోతే, అది నాకు అక్కర్లేదని వదిలేస్తాను.

పోయిన పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక పెళ్ళికూతురు వాళ్ళమ్మతో కలిసి వచ్చింది. ముహూర్తానికి ధర్మవరం పట్టు, మామిడిపండు రంగు, ఎర్ర అంచు, అంచులో హంసలు. అమ్మకేమో వీపంతా నిండుగా వర్క్ ఉండాలి. అమ్మాయికేమో వద్దు. "అంత ఖాళీగా ఉంటే పెళ్ళి బ్లౌజ్‌లా ఉంటుందా?" అని ఆవిడ. "గుచ్చుకుంటుందమ్మా, పీటల మీద అంతసేపు కూర్చోలేను" అని అమ్మాయి. ఇలాంటప్పుడు మధ్యలో నేను ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్ళకి కష్టంగానే ఉంటుంది.

వాళ్ళకోసం ఒక సీక్రెట్ బోర్డు పెట్టాను. సీక్రెట్ బోర్డు అంటే మనకీ, మనం పిలిచినవాళ్ళకీ తప్ప ఎవరికీ కనిపించదు. పెళ్ళి బ్లౌజ్ ముందే నలుగురికీ తెలియడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా. తల్లినీ కూతుర్నీ ఇద్దర్నీ అందులో చేర్చాను. బోర్డు లోపల సెక్షన్లు పెట్టుకోవచ్చు, అరల్లాంటివి. నేను నాలుగు పెట్టాను: నెక్, చేతులు, రంగులు, వద్దు.

ఆ నాలుగోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఏం కావాలో చెప్పమంటే కస్టమర్లు తడబడతారు. "గ్రాండ్‌గా ఉండాలి, సింపుల్‌గా ఉండాలి" అని రెండూ అంటారు. ఏం వద్దో చెప్పమంటే మాత్రం టకటకా చెప్తారు. వాళ్ళమ్మ "వద్దు"లో పెట్టినవన్నీ నెట్ బట్ట మీద చేసినవి. అమ్మాయి పెట్టినవన్నీ మెడ దగ్గర కుందన్ రాళ్ళు గట్టిగా కుట్టినవి. అంటే ఆవిడ వద్దన్నది నెట్‌ని, అమ్మాయి వద్దన్నది మెడ దగ్గర రాళ్ళని. మాటల్లో గొడవలా వినిపించినది బోర్డులో చూస్తే గొడవే కాదు.

ఇంకోటి మా కారిగర్, అంటే మగ్గం మీద వర్క్ చేసే అతను, చూశాడు. అతను బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్నాడు, మాటలకంటే బొమ్మలతోనే మాకు పని తొందరగా అవుతుంది. టాబ్‌లో బోర్డు తెరిచి చూపిస్తే, పెళ్ళికూతుళ్ళ ఫోటోలన్నీ ఒకసారి పైనుంచి కిందికి జరిపి చూసి, "దీదీ, జడ" అన్నాడు. నిజమే. ప్రతి ఫోటోలోనూ పూలజడ వీపు మధ్యంతా కప్పేసింది. కొన్ని వేల రూపాయల వర్క్ జడ కిందే ఉండిపోతుంది. విడివిడిగా ఒక్కో ఫోటో చూస్తే అది కంటికి ఆనదు, పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. చివరికి వీపు మీద సన్నని చైన్ స్టిచ్ తీగ, రెండు వైపులా భుజాల దగ్గర హంసలు, బరువంతా చేతుల మీద. అక్షింతలు వేసేటప్పుడు, తాళి కట్టేటప్పుడు ఫోటోల్లో పడేవి చేతులే. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒప్పుకున్నారు.

వెతకడం గురించి కూడా రెండు మాటలు. మనం మగ్గం వర్క్ అంటాం, తమిళనాడులో ఆరీ వర్క్ అంటారు. రెండు పేర్లతోనూ విడివిడిగా వెతకండి, వచ్చే డిజైన్లు వేరుగా ఉంటాయి. చీర పేరు కలిపి వెతికితే ఇంకా మంచిది: గద్వాల చీరకి, వెంకటగిరి చీరకి అని. ఏదైనా ఫోటోలో చేతి అంచు ఒక్కటే నచ్చిందనుకోండి, ఆ ఫోటో మూల వెతికే గుర్తు ఉంటుంది, నొక్కితే ఒక గడి వస్తుంది. దాన్ని జరిపి అంచు మీద మాత్రమే పెడితే, అలాంటి అంచులే చూపిస్తుంది. ఇది నాకు చాలా ఇష్టమైన సౌకర్యం. చీర పల్లూ ఫోటో తీసి దాంతో కూడా వెతకొచ్చు.

వేరే సైట్లో కనిపించిన బొమ్మని స్క్రీన్‌షాట్ తీయకుండా, ఆ పేజీ లింకు తీసుకుని ప్లస్ గుర్తు నొక్కి అక్కడ పెట్టండి. అప్పుడు పిన్‌తోపాటు లింకు కూడా ఉంటుంది. ఎవరు చేసిన వర్క్, ఏ బట్ట మీద చేశారు, ఎంతకి చేశారు అన్నవి అవసరమైతే వెళ్ళి చూసుకోవచ్చు. స్క్రీన్‌షాట్‌కి అమ్మా నాన్నా ఉండరు. ఇందులో నాకు పట్టింపు ఉంది. ఎవరో కూర్చుని, కళ్ళు పెట్టి, రోజుల తరబడి చేసిన పని అది. దాని పేరు ఊడదీసి మన షాపు పేరు వేసుకుని పెట్టడం నేను ఒప్పుకోను. చూసి నేర్చుకోవచ్చు, ఒక తీగ తీసుకుని మన పద్ధతిలో మార్చుకోవచ్చు. ఫోటో మాత్రం వాళ్ళదే.

ఈమధ్య కొత్త చిక్కు ఒకటి వచ్చింది. పింటరెస్ట్‌లో కనిపించే బ్లౌజుల్లో చాలా వాటిని ఎవరూ కుట్టలేదు, కంప్యూటర్ గీసినవి. 2025 నుంచి ఏఐతో చేసిన బొమ్మల మీద ఆ సంగతి తెలిపే గుర్తు వేస్తున్నారు, అలాంటివి తక్కువ చూపించమని సెట్టింగ్స్‌లో చెప్పుకోవచ్చు కూడా. అయినా కొన్ని గుర్తు లేకుండా దాటిపోతాయి. వర్క్ తెలిసినవాళ్ళకి దొరికిపోతాయవి. బొమ్మ పెద్దది చేసి దారం ఎటునుంచి ఎటు వెళ్తోందో చూడండి. అసలు వర్క్‌లో జరీ ఒక వైపుకి సాగుతుంది, పూసల సైజు ఒకేలా ఉంటుంది. కంప్యూటర్ గీసినదానిలో పూస మధ్యలోనే రాయిగా మారిపోతుంది, తీగ ఎక్కడికీ చేరకుండా ఆగిపోతుంది. వెనక హుక్సు ఉండవు, తాళ్ళు ఉండవు, మరి ఆ బ్లౌజ్ వేసుకునేదెలా? ఇలాంటిది తెచ్చి "అచ్చం ఇలాగే కావాలి" అంటే నేను ముందే చెప్పేస్తాను: రంగుల వరకు తీసుకుందాం, డిజైన్ మళ్ళీ గీసుకుందాం అని. వర్క్ బోర్డుల్లోకి మాత్రం వాటిని రానివ్వను. కారిగర్‌కి ఇచ్చే బొమ్మలో కుట్టు కనిపించాలి. దాన్ని చూసే అతను ట్రేసింగ్ పేపర్ మీద గీసి, సూదితో చిల్లులు పొడిచి, తెల్లపొడి కిరోసిన్‌లో కలిపి బట్ట మీదకి దించుతాడు. లేని కుట్టుని ఎక్కడినుంచి దించుతాడు?

పని అయిపోయిన బోర్డులు తుడిచేయకండి. ఆర్కైవ్ అని ఉంటుంది, అందులో పెడితే కళ్ళముందు ఉండదు, కావాలంటే తిరిగి తీసుకోవచ్చు. నేను ఆర్కైవ్ చేసే ముందు మేము చేసిన బ్లౌజ్ ఫోటోని, కస్టమర్ ఒప్పుకుంటే, చివరి పిన్‌గా పెడతాను. మూడేళ్ళ తర్వాత ఆ ఇంట్లోనే చెల్లి పెళ్ళి వస్తే అదే బోర్డు మళ్ళీ తెరుచుకుంటుంది.

పింటరెస్ట్ అంటే ఇతరుల ఫోటోలు దాచుకునే చోటు మాత్రమే అనుకుంటారు చాలామంది. మన ఫోటోలు మనం ఎక్కించుకోవచ్చు. నా బోర్డులన్నిటిలో నాకు ప్రాణమైనది అలా తయారైందే. హిందూపురం దగ్గర లేపాక్షి వీరభద్రస్వామి గుడి ఉంది కదా, 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో కట్టింది. అందరూ వేలాడే స్తంభం దగ్గర, నంది దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు. బట్టల పని చేసేవాళ్ళు చూడాల్సింది లతామండపం. అక్కడి స్తంభాల మీద తీగలు, పువ్వులు, పక్షులు, గళ్ళు... ఒక స్తంభం మీద ఉన్నది ఇంకో స్తంభం మీద ఉండదు. చీరల అంచుల్లోకి ఎన్నో డిజైన్లు అక్కడినుంచే వచ్చాయి. గుడిలో పైకప్పు మీది చిత్రాల్లో ఆడవాళ్ళ చీరలు చూడండి, గళ్ళు, చారలు, పువ్వులు, ఎన్ని రకాలో.

నేను ఒక్కో స్తంభానికీ దగ్గరగా, ఎదురుగా నిలబడి, నీడ పడకుండా ఫోటోలు తీశాను. దూరం నుంచి తీస్తే గుడి అందంగా వస్తుంది కానీ గీసుకోవడానికి పనికిరాదు. ఒక్కో ఫోటో ఒక్కో పిన్. నోట్‌లో స్తంభం ఏ వరసలోదో, ఆ తీగ ఏ కుట్టుకి లొంగుతుందో రాశాను. ముద్దగా ఉన్న పువ్వులు ఉబ్బెత్తుగా నింపే లోడ్ వర్క్‌కి, సన్న తీగలు చైన్ స్టిచ్‌కి, చిన్న చుక్కలు ముడి వేసే నాట్ కుట్టుకి. రాతి మీద ఉన్నదానికి రంగు ఉండదు కాబట్టి ఏ చీరకైనా ఒప్పుతుంది, అది ఇంకో లాభం. ఆ ధర్మవరం బ్లౌజ్‌కి వీపు మీద వేసిన తీగ కూడా ఈ బోర్డులోదే.

ఈ బోర్డు సీక్రెట్ కాదు, అందరికీ కనిపించేలా ఉంచాను. మగ్గం వర్క్ చేసేవాళ్ళు ఎవరైనా సేవ్ చేసుకుని వాడుకోండి, నన్ను అడగక్కర్లేదు. మీరు పెట్టేటప్పుడు మాత్రం నోట్‌లో లేపాక్షి, లతామండపం అని రాయండి. తాడిపత్రి గుడుల్లోనూ, రామప్ప గుడిలోనూ ఇలాంటి రాతి పని చాలా ఉంది. ఆ చుట్టుపక్కల ఉండే అక్కలెవరైనా దగ్గరగా ఫోటోలు తీసి బోర్డు పెడితే చెప్పండి, నాది కూడా దానికి కలుపుతాను.