నేను గీసిన కాలమ్

2016 నుంచి 2019 ఏప్రిల్ దాకా నల్లగొండ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో నైట్ కౌంటర్ మీద కూర్చున్నాను. నెలకు ఏడు వేలు, రాత్రి టిఫిన్, చదువుకోవడానికి ఒక ట్యూబ్‌లైట్. పగలు జిల్లా లైబ్రరీలో గ్రూప్స్ ప్రిపరేషన్, రాత్రి లాడ్జి. నా ముందు ఎప్పుడూ రెండు పుస్తకాలుండేవి. ఒకటి నా కరెంట్ అఫైర్స్ నోట్సు, రెండోది లాడ్జి రిజిస్టర్.

ఎర్ర గుడ్డ బైండింగు వేసిన రిజిస్టర్. వరుస నంబరు, పేరు, వయసు, ఊరు, ఫోను, ఎక్కణ్నుంచి రాక, ఎక్కడికి పోక, ఏం పని, ఎంతమంది. ఇంతవరకే అచ్చులో ఉండేది. ఆ తర్వాత ‘బంధుత్వం’ అని ఇంకో కాలమ్ ఉండేది, అది అచ్చులో లేదు. కొత్త రిజిస్టర్ వచ్చినప్పుడల్లా స్కేలు పెట్టి, నీలం పెన్నుతో, ప్రతి పేజీలో ఆ గీత గీసేవాణ్ని నేనే.

ఓనర్ మొదటి రోజే రూల్స్ చెప్పాడు. “లోకల్ ఆధార్ అయితే ఇయ్యకు. ఆడమనిషి ఒక్కతే వస్తే ఇయ్యకు. జంట వస్తే పుస్తెలు చూడు. చీర కొంగులో కనపడకపోతే మెట్టెలు చూడు. అడగొద్దు, చూడాలె. అడిగితే లొల్లి అయితది.”

కౌంటర్ వెనక కూర్చుంటే ఎదుటివాళ్ళ కాళ్ళు కనపడవు. లాబీలో ఫ్యాన్ స్విచ్ కౌంటర్ బయట గోడకు ఉండేది. “ఉక్కగా ఉంది, ఫ్యాన్ వేస్తా ఉండండి” అని లేచి వచ్చి, స్విచ్ వేసి, తిరిగి వచ్చేటప్పుడు కిందికి చూసేవాణ్ని. డిసెంబర్ చలిలో కూడా ఫ్యాన్ వేశాను. ఒకావిడ శాలువా కప్పుకుంటూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆమెకు అర్థమైంది. మెట్టెలున్నాయి, రూం ఇచ్చాను.

రూంబాయ్ అని ఒకాయన ఉండేవాడు. యాభై దాటినవాణ్ని బాయ్ అనలేక అందరం కాకా అనేవాళ్ళం. ఆ లాడ్జిలో ఏ రూములో ఏం జరుగుతుందో ఓనర్ కన్నా ఆయనకే బాగా తెలుసు, దుప్పట్లు మార్చేది ఆయనే కాబట్టి.

ప్రతి నెలా రెండో శనివారం ఇద్దరు మగవాళ్ళు వచ్చేవారు. ఒకాయన సూర్యాపేట వైపు, ఇంకొకాయన దేవరకొండ వైపు. ముప్పై దాటిన మనుషులు, మర్యాదస్తులు. ఎప్పుడూ రెండు మంచాల రూమే అడిగేవారు. బంధుత్వం కాలమ్‌లో ఫ్రెండ్స్ అని రాసేవాణ్ని, వాళ్ళు సంతకం చేసేవారు. ఒకసారి కాకా దుప్పట్లు మడత పెడుతూ, “రెండు మంచాలేస్తే ఏంది, నలిగేది ఒక్కటే” అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు, ఫిర్యాదుగా కూడా అనలేదు. ఉతికే దుప్పటి ఒకటి తగ్గింది అన్నట్టు చెప్పాడు. ఆ తర్వాత నాకు వాళ్ళ సంగతి తెలుసా అంటే తెలుసు, తెలియదంటే తెలియదు. వాళ్ళకు మాత్రం నేను ఏనాడూ ఫ్యాన్ వెయ్యలేదు.

2018 సెప్టెంబర్ 6, గురువారం. లాబీలో టీవీ పొద్దుగూకేదాకా ఆగలేదు. ఆ రోజే మన అసెంబ్లీ రద్దయింది. ముందస్తు ఎన్నికలు, ఎవరికి టికెట్టు, ఎవరికి లేదు, అదే గోల. కింద స్క్రోలింగ్‌లో మాత్రం 377 గురించి ఒక లైను పోతూ ఉంది. బిట్టు పడే ఛాన్సుందని నోట్సులో రాసుకున్నా. ‘సెక్షన్ 377, ఐపీసీ 1860. శిక్ష: యావజ్జీవం లేదా పదేళ్ళ దాకా. 2009 ఢిల్లీ హైకోర్టు పక్కన పెట్టింది. 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. 2018లో ఐదుగురు జడ్జిల బెంచి: ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య స్వలింగ సంబంధం నేరం కాదు. నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసు.’ పక్కన రెండు స్టార్లు పెట్టుకున్నా.

ఎల్లుండి రెండో శనివారం. వాళ్ళిద్దరూ వచ్చారు. దేవరకొండ ఆయన సంతకం పెట్టి, తాళంచెవి తీసుకుని, మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చాడు. “తమ్మీ, నిన్నటి పేపర్ ఉందా?” అన్నాడు. టేబుల్ కింద కట్టలోంచి తీసిచ్చా. పేపరంతా అసెంబ్లీయే. ఆయన నిలబడే పేజీలు తిప్పి, ఒక పేజీ దగ్గర ఆగి, ఆ షీటు ఒక్కటి మడిచి జేబులో పెట్టుకుని, మిగతా పేపర్ నాకే ఇచ్చాడు. “తీసుకపోవచ్చా?” అని తర్వాత అడిగాడు. సరేనన్నా. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ రాత్రి నాకు లెక్క తట్టింది. రెండు రోజుల కిందటి దాకా చట్టం ప్రకారం యావజ్జీవం పడగల ‘నేరానికి’ నేను రెండేళ్ళుగా నవ్వుతూ రూం ఇస్తున్నాను. పెళ్ళి కాని ఆడా మగా ఒక రూములో ఉంటే నేరమని ఏ సెక్షనూ లేదు, వాళ్ళను మాత్రం వెనక్కి పంపుతున్నాను. పుస్తకంలో ఉన్న చట్టాన్ని నేను అమలు చెయ్యలేదు, లేని చట్టాన్ని ప్రతి రాత్రీ చేశాను. స్కేలు పెట్టి గీసింది కూడా నేనే కదా.

వారం తిరగకుండానే వినాయక చవితి వచ్చింది, 13న. మరునాడు మిర్యాలగూడ. కడుపుతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికి వస్తున్న పిల్లగాణ్ని వెనక నుంచి వచ్చి నరికారు. వైశ్యుల పిల్ల, దళితుల పిల్లగాడు. సీసీ కెమెరా వీడియో సాయంత్రానికి మా లాబీలో ప్రతి ఫోన్‌లో ఉంది. ఒక పక్క పందిట్లో మైకు, ఇంకో పక్క సోఫాలో కూర్చుని అదే వీడియో ఆపి ఆపి చూడడం. నన్ను భయపెట్టింది వీడియో కన్నా మాటలు. “చంపుడు తప్పే గానీ...” అని మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువ. ఆ ‘గానీ’ తర్వాత ఏమొస్తుందో నల్లగొండలో ఎవరికీ చెప్పక్కరలేదు. పెద్దవాళ్ళయిన ఇద్దరు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే ఇంటివాళ్ళ ఒప్పుదల, కులపోళ్ళ ఒప్పుదల అక్కర్లేదని సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చిలో చెప్పింది. శక్తి వాహిని కేసు. అది కూడా నా నోట్సులో ఉంది, ఒక స్టారుతో.

వాళ్ళు పెళ్ళి చేసుకున్నవాళ్ళు. నా ఫ్యాన్ పరీక్షలో దర్జాగా పాసయ్యేవాళ్ళు. అప్పుడే నాకు అర్థమైంది, మేం మెట్టెలు వెతికేది పెళ్ళయిందా అని కాదు. ‘ఈ పిల్ల ఎవరి పిల్ల, రేపు ఎవరొచ్చి మన అద్దాలు పగలగొడతారు’ అని. (ఆ కేసులో 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆరున్నరేళ్ళు పట్టింది.)

15వ తేదీ, శనివారం రాత్రి. దీని కోసమే ఇదంతా రాస్తున్నా నిజానికి.

మరునాడు వీఆర్వో పరీక్ష. ఏడొందల పోస్టులు, దాదాపు పది లక్షల మంది. నాకూ ఉంది, కౌంటర్ కింద హాల్ టికెట్ పెట్టుకుని చదువుతున్నా. లాడ్జిలన్నీ నిండాయి, మా దగ్గర ఒక్క రూం మిగిలింది. తొమ్మిదిన్నరకు ఒక అమ్మాయి, ఒకబ్బాయి వచ్చారు. అచ్చంపేట నుంచి. ఇద్దరి చేతుల్లోనూ జిరాక్సు హాల్ టికెట్లు, చెమటకు మెత్తబడి ఉన్నాయి. మధ్యాహ్నం ఓనర్ ఫోన్ చేసి, వారం దాకా వయసు పిల్లలకు రూం ఇవ్వొద్దన్నాడు, మిర్యాలగూడ లొల్లి ఉంది కాబట్టి.

ఆధార్ కార్డులు తీసుకుని చూశా. “ఏమవుతారు?”

“మా అన్న సార్.”

“ఇంటిపేర్లు వేరే ఉన్నాయి కదా.”

ఆ అమ్మాయి నన్ను ఒక్క క్షణం అట్లా చూసింది. “మా పెద్దమ్మ కొడుకు సార్. పెద్దమ్మ కొడుకు ఇంటిపేరు మా ఇంటిపేరు ఎట్ల అయితది?”

నాకు ముగ్గురు పెద్దమ్మలు. వాళ్ళ కొడుకులెవ్వరికీ నా ఇంటిపేరు లేదు, వాళ్ళందరూ నాకు అన్నలే. జవాబు లేక రిజిస్టర్ వైపు చూశా. ఆ అబ్బాయి, “అన్నా, చెల్లెకు రూం ఇయ్యి, నేను బస్టాండ్ల పండుకుంటా” అన్నాడు. ఒంటరి ఆడమనిషికి ఇవ్వొద్దు, అది రెండో రూలు. “ఆమెనొక్కదాన్నే ఉంచడం కుదరదు” అన్నాను. “ఇద్దరికీ ఇయ్యరు, ఒక్కదానికీ ఇయ్యరు. మరి ఎవరికిస్తరు సార్?” అందామె. గొంతు పెంచలేదు.

వాళ్ళు పోయాక కాకా నాతో మాట్లాడలేదు. పన్నెండుకు ఎవరో విత్తనాల కంపెనీ సేల్స్‌మన్ తాగి వచ్చాడు, ఆ రూం ఆయనకిచ్చాను.

పొద్దున సెంటర్ గేటు దగ్గర, మొహం కడుక్కుని జుట్టు తడితో దువ్వుకున్న ఆ అమ్మాయి కనపడింది. నాకన్నా పదిమంది ముందుంది వరసలో. వెనక్కి తిరగలేదు. ఆ పరీక్ష నేనెట్లా రాశానో గుర్తు లేదు. తర్వాత 2020లో ఆ వీఆర్వో వ్యవస్థనే తీసేశారు, అది వేరే ఏడుపు.

నెలాఖరున, 27న, వివాహేతర సంబంధాన్ని నేరమనే సెక్షన్ 497 కూడా సుప్రీంకోర్టులో పోయింది. పేపర్ చదివి ఓనర్ నెత్తి కొట్టుకున్నాడు. “ఇగ ఎవల పెండ్లాం ఎవలతోనైనా పోవచ్చునట!” ఆ సెక్షన్ ఏం చెప్పేదో నోట్సు తీసి చదివి వినిపించా. వేరేవాడి భార్యతో పోయిన మగవాడికే శిక్ష, అదీ ఆమె భర్త ఒప్పుకోకపోతేనే. భర్త ఒప్పుకుంటే నేరమే కాదు. అంటే భార్య భర్త సొత్తు అన్నట్టు రాసిన చట్టం. ఓనర్ కాసేపు ఆలోచించి, “అట్లున్నదా? మంచిగనే ఉన్నది కదా మరి!” అన్నాడు. ఇదే మనిషి, ఒక మండల నాయకుడు ఎప్పుడొచ్చినా, ఎవరితో వచ్చినా, రిజిస్టర్ మూసి తొమ్మిదో నంబరు తాళంచెవి తానే ఇచ్చేవాడు. తొమ్మిదో నంబరుకు బంధుత్వం కాలమ్ లేదు.

ఒకసారి ఆయన్ని అడిగా, అసలు ఏ చట్టం ప్రకారం ఇవ్వొద్దంటున్నాం అని. “బ్రోతల్ కేసు పెడ్తరు బిడ్డా, నీకు తెల్వదు” అన్నాడు. వ్యభిచార నిరోధక చట్టం, 1956ది, తీసి చదివా. అది పట్టేది సంపాదన కోసం వ్యభిచారం నడిపేవాళ్ళను. ఇష్టపడి వచ్చిన ఇద్దరి మాట అందులో లేదు. 2019 డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు కూడా కోయంబత్తూరు కేసులో ఇదే చెప్పింది, పెళ్ళి కాని జంట హోటల్ రూములో ఉండకూడదనే చట్టమేదీ లేదని. అప్పటికి నేను లాడ్జి మానేసి ఎనిమిది నెలలు.

నాకు పంచాయతీ సెక్రటరీ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా టేబుల్ మీద చాలా రిజిస్టర్లు. పెళ్ళిళ్ళది కూడా ఒకటి. అందులో వరుడు, వధువు అని అచ్చులోనే ఉంది, నేను గీయక్కరలేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వకుండా, ఆ రెండు మాటలూ అట్లాగే ఉండనిచ్చింది. ఆ తీర్పు చదువుతుంటే రెండో శనివారం వాళ్ళు గుర్తొచ్చారు. రిజిస్టర్ల విషయం వచ్చింది కాబట్టి ఇంకోటి. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో (అంటే 1919లో), హిజ్రాల పేర్లూ చిరునామాలూ రాసిపెట్టే రిజిస్టర్ కోసం ఒక చట్టం చేశారు. ఆ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళు ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. నూరేళ్ళ పైబడి ఉందది. చెర్వుగట్టు జాతరప్పుడు రూం అడిగిన హిజ్రాను ‘నిండిపోయాయి’ అని పంపిన రోజు నాకు ఆ చట్టం సంగతే తెలియదు.

పోయిన నెల మా ఆవిడ తరఫు పెళ్ళికి మహబూబ్‌నగర్ పోయాం. ఆమె స్టాఫ్ నర్సు. డ్యూటీ నుంచి సీదా బస్సెక్కింది. కాళ్ళకు షూ, మెడలో సన్నటి చైను. పుస్తెలతాడు గొలుసు దొంగల భయానికి బీరువాలో ఉంటుంది. రాత్రి పదకొండుకు ఒక లాడ్జిలో రూం అడిగాం. కౌంటర్ మీద ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్లగాడు, ముందు మోడల్ పేపర్ల పుస్తకం తెరిచి ఉంది. ఆధార్ కార్డులు తిప్పి చూశాడు. ఆమె కార్డులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే. వాడు కొంచెం ముందుకు వంగి, కౌంటర్ మీంచి కిందికి, ఆమె షూల వైపు చూశాడు.

నాకన్నీ తెలుసు. సెక్షన్లు తెలుసు, కేసుల పేర్లు తెలుసు. వాడికి చెప్పాల్సిన మాటలు ఏళ్ళుగా నా నోట్లో ఉన్నాయి. ఫోన్ తీసి గ్యాలరీలో పెళ్ళి ఫొటో వెతికి చూపించాను.

“సారీ అన్నా, మా ఓనర్...” అన్నాడు వాడు.

మెట్లెక్కుతుంటే ఆమె అడిగింది, “ఫొటో ఎందుకు చూపించావు?” నిద్రొస్తోందని చెప్పా. రూంలో ఏసీ పని చెయ్యలేదు. ఫ్యాన్ వేసుకుని పడుకున్నాం.