ఫ్యాన్ ఏస్తే కౌంట్లు పెరుగుతున్నయ్: ఫోటోడయోడ్ డోసిమీటర్ అప్‌డేట్

రేడియేషన్ కొలిచే డోసిమీటర్ ఇంట్ల చేస్తున్న, దాంట్ల డిటెక్టర్లు రెండు. గీగర్ ట్యూబ్ బోర్డు సెట్ అయింది, పాత పెట్రోమాక్స్ మ్యాంటిల్ (దాంట్ల థోరియం ఉంటది) దగ్గర పెడితే మంచిగనే కొడుతుంది. తిప్పలంతా రెండోదాని ఫోటోడయోడ్, బీపీడబ్ల్యూ34 తోనే.

నాలుగు డయోడ్లు ప్యారలల్, 12 వోల్ట్ల బయాస్, డయోడ్ల పుట్టిన ఛార్జ్‌ను వోల్టేజ్ పల్సు చేసే ఛార్జ్ యాంప్‌ల 1 పికోఫారడ్ కెపాసిటర్. మొత్తం 0.3 చదరపు సెం.మీ. గాబట్టి మ్యూయాన్ (ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల కణం) మూడు నిమిషాలకొకటి తగులుతది, గామాతోని కలిపి నిమిషానికి ఒకటి రెండు పల్సులు. నల్గొండ ఎండలకు ఫ్యాన్ లేకుండ కూసోలేం గదా, రెగ్యులేటర్ 5 మీద పెట్టగానే నిమిషానికి 140 దాటుతుంది! కరెంట్ నాయిస్ అనుకొని బ్యాటరీ మీద నడిపిన, మల్ల అదే 140. డబ్బా కింద స్పాంజి పెడితే 35కు దిగింది, అంటే కరెంట్ కాదు, అదురు. పెన్సిల్‌తోని మూత మీద కొడితే స్కోప్‌ల 40 మిల్లీవోల్ట్లు లేస్తుంది, అసలు 60 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల గామాకు అక్కడ వచ్చేదే 3 మిల్లీవోల్ట్ల లోపు.

మొదట ఎక్స్7ఆర్ సిరామిక్ కెపాసిటర్ల మీద అనుమానం, అవి వణికితే ఛార్జ్ పుట్టిస్తయ్. కానీ రాత్రి లైట్లన్నీ బంద్ చేసి, వెలుతురు పడకుండ డబ్బా కిటికీకి అతికించిన ఫాయిల్ తీసేసి నడిపితే ఫ్యాన్ ఉన్నా 20 ఏ. ఫాయిల్ డయోడ్‌కు 2 మి.మీ. దూరంల ఉంది, అది ఊగితే మధ్యల కెపాసిటెన్స్ మారుతది, బయాస్ ఉంది గాబట్టి ఛార్జ్ కదిలి పల్సు లెక్క కనిపిస్తది. ఆ మిగిలిన 20 కెపాసిటర్లదే అనిపిస్తుంది.

ఇట్లాంటి డిటెక్టర్ శాటిలైట్ల పెడితే అక్కడ ఫ్యాన్ ఉండదు కానీ దాని దిక్కు మార్చే రియాక్షన్ వీల్స్ తిరుగుతయ్, సౌత్ అట్లాంటిక్ అనామలీ (రేడియేషన్ ఎక్కువుండే జాగ) మీంచి పోయేటప్పుడు పెరిగిన కౌంట్ ప్రోటాన్లదా, వీల్‌దా అని తెల్వకపోతే ఆ డేటా దేనికి పనికొస్తది? 1958ల అమెరికా శాటిలైట్ ఎక్స్‌ప్లోరర్-1ల సైంటిస్ట్ వాన్ అలెన్ పెట్టిన గీగర్ దీనికి ఉల్టా, రేడియేషన్ మరీ ఎక్కువున్న కాడ ట్యూబ్ సాచురేట్ అయి, అంటే లెక్కపెట్టలేక, సున్నా చూపించింది. రాడ్‌ఫెట్ (డోస్ కొలిచే ట్రాన్సిస్టర్) అయితే ఈ అదురు బాధ ఉండదు, కానీ అది జమైన మొత్తం డోసే చెప్తది, ఒక్కొక్క కణం కనవడదు, నాకు పల్సులే కావాలె. డయోడ్లు మాత్రం విషే కంపెనీవే తీసుకోండి, గుర్తు లేని చౌకవాటిల లీకేజ్ ఘోరం.

ఇప్పుడు ఫాయిల్‌ను పీసీబీ ముక్కకు గట్టిగ అంటిస్తా, ఎక్స్7ఆర్ తీసి, అదురుకు ఛార్జ్ పుట్టించని సీ0జీ కెపాసిటర్లు ఏస్తా. ఫ్యాన్ 5 మీద కూడా నిమిషానికి 3 పల్సులు దాటొద్దు, అప్పుడే బయటికి తీస్త. యురేనియం నిల్వలున్న పెద్దగట్టు, లంబాపూర్ దిక్కు బండి మీద తీస్కపోయి రెండు డిటెక్టర్లూ పక్కపక్కన పెట్టాలని ఉంది, ఇంజన్ బంద్ చేసి, ఒక్కో కాడ అరగంట లెక్క తీసుకుంట.