బల్లార్షాలో తెలుగులో ఉష్ణవాహకత లెక్కలు

కాగితపు మిల్లులోనో బొగ్గు గనుల్లోనో పని దొరికి కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్‌లకు వచ్చి స్థిరపడిన మా వంటి కుటుంబాల పిల్లలకు తెలుగు వస్తుంది గానీ, అది వంటింటి గడప దాటదు. బడిలో సెమీ ఇంగ్లీషు పద్ధతి కనుక లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోనూ మిగిలిన పాఠాలు మరాఠీలోనూ సాగుతాయి. వాడకట్టులో ఆటలు, తగవులు అన్నీ మరాఠీలోనే. అన్నం తిన్నవా, ఫోన్ పక్కన పెట్టు అనడానికి తప్ప అక్కరకు రాని భాషను పిల్లలు ఎంతకాలం పట్టుకుని ఉంటారు? పద్యాల సంగతి వాళ్ల నాయనమ్మ చూసుకుంటుంది కనుక, లెక్కలను తెలుగులో ఆలోచింపజేసే పని నేను పెట్టుకున్నాను.

ఈ ఏడు పెద్దమ్మాయి జూనియర్ కాలేజీలో చేరింది, పదార్థాల ఉష్ణ ధర్మాల పాఠం వచ్చింది. నా ఉద్యోగం ఆవిరి పైపుల ఇన్సులేషన్ చూసుకోవడం కాబట్టి ఈ లెక్క నాకు రోజూ ఉండేదే: పదార్థం గుండా వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పే ఉష్ణవాహకత పాత యంత్రాల పత్రాల్లో కిలోకేలరీల్లో ఉంటుంది, అమెరికా పత్రాల్లో బీటీయూల్లో (బ్రిటిష్ థర్మల్ యూనిట్లలో) ఉంటుంది, కొత్తవాటిలో మీటరుకు, కెల్విన్‌కు ఇన్ని వాట్లు అని ఉంటుంది. ఒకదాన్నుంచి ఇంకొకదానికి మార్చే గుణకాల పట్టికను అమ్మాయి బట్టీ పట్టబోతే వద్దన్నాను. యూనిట్‌ను విప్పడం తెలిస్తే పట్టిక అవసరమే ఉండదు.

గంటకు, అడుగుకు, ఫారెన్‌హీట్ డిగ్రీకి ఒక బీటీయూ అన్నప్పుడు లవంలో ఉన్నది 1055 జౌళ్లు. హారంలో గంటకు 3600 సెకన్లు, అడుగుకు 0.3048 మీటరు, ఫారెన్‌హీట్ డిగ్రీకి తొమ్మిదింట అయిదు వంతుల కెల్విన్. ఈ మూడింటినీ గుణిస్తే 609.6 వస్తుంది. 1055ను దానితో భాగిస్తే 1.73, బీటీయూ అంకెను వాట్లలోకి మార్చే గుణకం అదే. కిలోకేలరీ లెక్క ఇంకా సులువు, ఎందుకంటే అక్కడ మీటరు, సెల్సియస్ డిగ్రీ మారవు. 4187 జౌళ్లను 3600 సెకన్లతో భాగిస్తే 1.163, అంతే. పాత పుస్తకాల్లో రాగికి 0.92 అని కనబడేది సెకనుకు, సెంటీమీటరుకు, డిగ్రీకి ఇన్ని కేలరీలు అని, కేలరీకి 4.187 జౌళ్లు, మీటరుకు వంద సెంటీమీటర్లు కనుక దాన్ని 418.7తో గుణిస్తే 385 వాట్లు వస్తుంది.

పిల్లలు తడబడేది డిగ్రీల దగ్గర. ఉష్ణవాహకతలో ఉన్న డిగ్రీ ఉష్ణోగ్రత కాదు, రెండు ఉష్ణోగ్రతల తేడా. మా ఊళ్లో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఇంటి గోడనే ఉదాహరణగా తీసుకున్నాను: గోడ బయటి ముఖం 45, లోపలి ముఖం 35, మందం 23 సెంటీమీటర్లు, ఇటుక వాహకత సుమారు 0.7 అనుకుంటే, చదరపు మీటరుకు దాదాపు 30 వాట్ల వేడి లోపలికి వస్తుంది. తేడా పది డిగ్రీలన్నా పది కెల్విన్లన్నా ఒకటే. కెల్విన్‌లోకి మార్చాలనుకుని ఆ పదికి 273 కలిపితే గోడ 860 వాట్లు పంపుతున్నట్టు తేలుతుంది. పక్కనే వింటున్న తమ్ముడు "గట్లయితే గోడకే రొట్టెలు కాల్చుకోవచ్చు గద బాపూ" అన్నాడు. ఫారెన్‌హీట్ తేడాలోంచి 32 తీసేయడమూ ఇటువంటిదే.

ఇంకొక చిక్కు అంగుళం. అమెరికా ఇన్సులేషన్ పత్రాల్లో మందాన్ని అంగుళాల్లోనూ వైశాల్యాన్ని చదరపు అడుగుల్లోనూ చెప్పే అలవాటు ఉంది. అప్పుడు గుణకం 1.73లో పన్నెండో వంతు, అంటే 0.144 అవుతుంది. రాక్‌వూల్‌కు అటువంటి పత్రంలో 0.28 అని ఉంటే అమ్మాయి 1.73తో గుణించి 0.48 తెచ్చింది. నేను తప్పని చెప్పలేదు, ఇటుక ఎంత అని అడిగాను. గాలిని పట్టి ఉంచే దూది వంటి పదార్థం ఇటుక దగ్గరిదాకా ఎలా వస్తుందని తానే అనుకుని, పత్రం మళ్లీ చదివి 0.04కు దిద్దుకుంది. ఆ ఆలోచనంతా పైకే, తెలుగులోనే సాగింది. అంగుళం, హారం, వంతు అనే మాటలు అంతకుముందు ఆమె నోట నేను పెద్దగా విన్నవి కావు.

డాలస్‌లో ఉన్న బాబాయి తన అటక మీద ఆర్-30 ఇన్సులేషన్ పరిపించానని ఫోన్‌లో చెప్పినప్పుడు ఆ సంఖ్యను మా లెక్కలోకి మార్చే బాధ్యత పిల్లలే తీసుకున్నారు. అది వాహకత కాదు, మందాన్ని వాహకతతో భాగించగా వచ్చే నిరోధం. అందుకే అక్కడ అంకె పెరిగితే మేలు. మన యూనిట్లలోకి రావాలంటే 5.68తో భాగించాలి, 5.28 వస్తుంది. గాజు ఉన్ని వాహకత 0.045 అనుకుని గుణిస్తే మందం దాదాపు 24 సెంటీమీటర్లని అమ్మాయి తేల్చింది. "బాబాయ్, నీ అటక మీద ఎన్ని అంగుళాల మందం ఉందో జర కొలిచి చెప్పు" అంది. మెట్లెక్కి కొలిచి వచ్చి, తొమ్మిదిన్నర అన్నాడు.