తాతగారి కార్బైన్‌కు కొత్త మడమ

మా తాతగారి కార్బైన్ (పొట్టి గొట్టం రైఫిల్) మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, మెడ దగ్గర నిలువునా చీలి ఉండటం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ చీలిక మీద ఆయన ఇత్తడి తీగ వరుసగా చుట్టి, పైన లక్క పూసి, తుపాకీని అలాగే బీరువాలో పదిలంగా ఉంచారు. నాన్నగారి తదనంతరం లైసెన్సు నా పేరున వచ్చాక, ఆ తీగకట్టు కంటబడినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. మొన్న వేసవిలో విజయనగరంలో లైసెన్సు ఉన్న ఒక మరమ్మతుదారు దగ్గర దానికి కొత్త మడమ పెట్టించాను. మన జిల్లాల్లో ఇటువంటి పాత తుపాకులు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. మడమ చీలితే "చెక్క పాతబడిపోయింది" అని అందరూ సరిపెట్టుకుంటారు. మా తుపాకీ విషయంలో తప్పు చెక్క వయసుది కాదు, అమరికది. అది ఎలా తెలిసిందో, ఎలా సరిచేశారో వివరంగా రాయాలనిపించింది.

తుపాకీ వించెస్టర్ 1892 నమూనా. దీనికి రూపకల్పన చేసినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఇదే నమూనాలో రైఫిల్‌కు మామూలుగా 24 అంగుళాల గొట్టం ఉంటే, కార్బైన్‌కు 20 అంగుళాలే ఉంటుంది. గొట్టం కిందనున్న మరో సన్నని గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. లీవరును ముందుకు తోసి వెనక్కి లాగితే ఖాళీ తూటా పైకి ఎగిరిపోయి కొత్తది లోపలికి వస్తుంది. మాది .44-40 తూటా, ఆ తూటా ఇంకా పాతది, 1873 నమూనాతో వచ్చింది. రిసీవర్ (గొట్టం వెనుక యంత్రభాగాలు ఇమిడి ఉండే ఉక్కు పెట్టె) ఎడమ పక్కన జీనుకు తగిలించుకునే ఉక్కు ఉంగరం కూడా ఉంది. చిన్నప్పుడు దాన్ని గిలకలా ఆడించి నేను తాతగారి చేత చీవాట్లు తిన్నాను.

రిసీవర్ వెనుక నుంచి పైన ఒకటి, కింద ఒకటి, రెండు ఉక్కు తోకలు చాచుకుని ఉంటాయి. మడమ ముందు భాగం ఆ రెండింటి మధ్యకు దూరుతుంది. పైతోకలో నుంచి దిగి, చెక్క మెడను దాటుకుని, కిందితోకలో బిగిసే ఒకే ఒక్క పొడవాటి స్క్రూ అన్నింటినీ కలిపి పట్టి ఉంచుతుంది. తూటా పేలినప్పుడు ఉక్కంతా వెనక్కి తన్నుతుంది కదా, ఆ తన్నును రిసీవర్ వెనుక ముఖమే చెక్క ముందు ముఖానికి సమంగా అందించాలి. ఆ రెండు ముఖాల మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడినా భారమంతా పైతోక చివర మీద పడుతుంది. దుంగ పగులులో ఇనుప మేకు దిగ్గొట్టి కట్టెలు చీల్చినట్టు, ఆ చివర, తూటా పేలిన ప్రతిసారీ, చెక్కను కొంచెం కొంచెంగా చీలుస్తుంది.

మా మడమకు జరిగింది సరిగ్గా ఇదే. స్క్రూ విప్పి పాత కర్రను వెనక్కి లాగగానే మరమ్మతుదారు దాని ముందు ముఖాన్ని కిటికీ వెలుగులో పెట్టి నాకు చూపించారు. చెక్క నల్లగా, మెత్తగా ఉంది. బొటనవేలి గోరు నొక్కితే గాటు పడింది. "ఎన్నేళ్ల నూనో ఇది బాబూ, గొట్టం పైకి పెట్టి నిలబెట్టేవారా?" అని అడిగారు. నిజమే, తాతగారు ప్రతి పండక్కీ ఇనుముకు ధారాళంగా నూనె రాసి, తుపాకీని గొట్టం పైకి ఉండేలా బీరువా మూలలో నిలబెట్టేవారు. ఆ నూనె అంతా కిందికి జారి చెక్క ముఖంలోకి ఇంకి, నారను మెత్తబరిచింది. మెత్తబడిన ముఖం అణిగిపోయి సందు ఏర్పడింది, ఆ తరువాత పని తోక చూసుకుంది. తుపాకీని అంత శ్రద్ధగా చూసుకున్న మనిషి చేతి నూనే దాన్ని చీల్చిందని వినడం నాకు నిజంగా బాధ కలిగించింది.

కొత్త కర్రకు మా పెరట్లోని పనస దుంగ వాడదామని నేను ఆశపడ్డాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే పనితనం చూసి పెరిగినవాడికి పనస మీద మమకారం ఉండటం సహజమే. పనస తేలిక, నాదానికి మంచిది, కానీ ఉక్కు తన్నుకు ఎదురు నిలిచే చోట అది పనికిరాదని ఆయన ఒప్పుకోలేదు. టేకు సంగతి అడిగితే, అది నార వెంట ఇట్టే చీలుతుందనీ, దానిలోని ఇసుక గుణం ఉలి మొనను గంటలో మొద్దుబారుస్తుందనీ చెప్పారు. చివరికి తన అటక మీద ఏళ్ల తరబడి ఆరిన కాశ్మీరు అక్రోటు పలక తీశారు. పలక మీద పాత మడమ గీత గీసేటప్పుడు ఆయన చూసినది ఒక్కటే: నార చారలు మెడ దగ్గర అడ్డం తిరగకుండా, మెడ వంపు వెంటే వెనక్కి సాగిపోవాలి. ఎంత అందమైన సుడి ఉన్నా, అది మెడలో పడితే ఆ ముక్క పక్కన పెట్టేయవలసిందే.

అసలు ఓర్పు పరీక్షించేది అమరిక. దానికి ఆయన వాడిన రంగు ఇంట్లో ఆముదపు దీపం మీద పట్టిన కాటుక. రిసీవర్ వెనుక ముఖానికీ తోకల అంచులకూ కాటుకను వేలితో పలుచగా రాసి, చెక్కను నెమ్మదిగా దూర్చి, వెనుక నుంచి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, బయటికి లాగేవారు. చెక్క మీద ఎక్కడ నల్లటి చుక్క అంటుకుందో అక్కడే ఎత్తు. ఆ చుక్కను మాత్రమే సన్నటి ఉలితో పొట్టులా గీకి, మళ్లీ రాయడం, మళ్లీ దూర్చడం. మొదటి రోజు ముఖం మీద మూడు చుక్కలే పడ్డాయి, అవి కూడా ఒకే పక్కన. నాలుగో రోజు సాయంత్రానికి ముఖం అంతటా కాటుక సమంగా పరుచుకుంది. తొందరపడి ఎత్తు లేనిచోట గీకితే ఆ లోటు పూడదు, ఇంకో పలక వెతుక్కోవలసిందే. ముఖం కుదిరిన తరువాత, పైతోక చివర వెనుక ఒక మందపాటి కాగితం పట్టేంత ఖాళీని ఆయన కావాలనే వదిలారు. చూసేవారికి అది పనితనంలో లోపంలా కనిపిస్తుంది గానీ, కొత్త మడమ చీలకుండా కాపాడేది ఆ ఖాళీయే.

స్క్రూ రంధ్రం అన్నిటికన్నా చివర వేశారు, అది కూడా సగం పైనుంచి, సగం కిందినుంచి. వెనుక ఉక్కు రేకుకు పాత స్క్రూలే పెట్టారు. మడమ పొడవు పాతదాని కొలతకే, ట్రిగ్గరు నుంచి సుమారు 13 అంగుళాలు ఉంచారు.

ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి కాబట్టి తుపాకీ ఆయన దగ్గరే రసీదు మీద ఉండిపోయింది. నునుపు పెట్టడానికి చెక్క ఒక్కటే నాతో ఇంటికి వచ్చింది. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నార పోగులు గడ్డంలా లేస్తాయి, వాటిని గరుకు కాగితంతో తీసేయాలి. మూడుసార్లు అలా చేశాక మరి లేవలేదు. తరువాత మరిగించిన అవిసె నూనెను అరచేత్తో, చేయి వేడెక్కేదాకా రుద్దాను. మా ఊరి ఉక్కపోతకు ఒక్కో పూత ఆరడానికి రెండు రోజులు పట్టేది. మొత్తం పదకొండు పూతలు వేశాను. బయటికి కనిపించని ముందు ముఖానికీ, వెనుక రేకు కిందికీ ఇంకో రెండు పూతలు ఎక్కువే పట్టించాను, ఎందుకంటే తేమ అయినా నూనె అయినా నార తెగిన చోటు నుంచే లోపలికి వెళుతుంది. అవిసె నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. అందుకని ప్రతిరోజూ వాటిని నీళ్లలో తడిపి పెరటి తీగ మీద పరిచి ఆరేశాను. అది చూసి అమ్మ, తుపాకీకి బట్టలు ఉతుకుతున్నావా అని అడిగింది.

తుపాకీ తెచ్చుకున్న రోజు ఆయన స్క్రూ తల మీది గాడిని గొట్టం వరుసకు సరిగ్గా నిలిపి, వానలు పడ్డాక ఒకసారి తెచ్చి చూపించమన్నారు. చెక్క అణిగినా, కుంగినా స్క్రూ ఇంకా తిరుగుతుంది, అప్పుడు గాడి పక్కకు పోతుంది. శ్రావణంలో లైసెన్సు పుస్తకంతో సహా తీసుకెళ్లాను. ఇప్పుడు బీరువాలో గొట్టం కిందికి పెట్టే నిలబెడుతున్నానని ముందే చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు పెట్టి చిన్నగా బిగించి చూశారు. గాడి గొట్టం వరుసలోనే ఉంది.